పత్రిక ఎటు మొగ్గింది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికాలో పత్రికలు “మా మద్దతు ఫలానా అభ్యర్థికి” అని బాహాటంగానే రాస్తాయని మా అమ్మాయి చెప్పింది. మన దగ్గర అలా రాయకూడదని చట్టం ఏమైనా ఉందా? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: అలాంటి చట్టమేమీ లేదండీ. ఆనవాయితీ లేదు, అంతే. అక్కడ వార్తలు రాసేవాళ్లు వేరు, సంపాదకీయ మండలి వేరు. మండలి అభ్యర్థులతో మాట్లాడి, ఎవరికి ఓటేయాలో కారణాలతో సహా రాస్తుంది. అధ్యక్ష ఎన్నికల్లో ఆ మాటకు పెద్దగా విలువుండదు, ఓటరు ముందే నిర్ణయించుకుని ఉంటాడు. స్థానిక జడ్జి, స్కూలు బోర్డు సభ్యుడి లాంటి పదవుల దగ్గర మాత్రం అది పనిచేస్తుంది, ఎందుకంటే బ్యాలెట్ మీద ఉన్న పేర్లెవరివో చాలామందికి తెలియదు. అక్కడ స్థిరపడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకూ ఇదే ఇబ్బంది. ఇప్పుడు అక్కడా ఈ పద్ధతి తగ్గుతోంది. 2024 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ స్థానిక ఎన్నికలకు మద్దతు ప్రకటించడం మానేసింది. అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్ అధ్యక్ష ఎన్నికలో ఎవరికీ మద్దతు ఇవ్వబోమంది. అది యజమాని నిర్ణయమని తెలిసి 2 లక్షల మందికి పైగా చందా రద్దు చేసుకున్నారు.

మన దగ్గర ఆ మొగ్గు సంపాదకీయంలో కాదు, జిల్లా పేజీలో కనబడుతుంది. ఎవరి సభ బ్యానర్ అయింది, ఎవరిది సింగిల్ కాలమ్‌లో ముగిసింది అన్నదే అసలు ప్రకటన. మొగ్గదలచుకుంటే పేరు పెట్టి చెప్పి మొగ్గడమే పాఠకుడికి మర్యాద అని మా అభిప్రాయం.

ప్రశ్న: 1983లో ఎన్టీఆర్‌ను గెలిపించింది ఈనాడే అంటారు. నిజంగా ఒక్క పత్రిక ప్రభుత్వాన్ని మార్చగలదా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: సగం నిజం. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పుట్టింది, 1983 జనవరి 5న పోలింగ్. తొమ్మిది నెలల్లో ఊరూరా కార్యకర్తల్ని తయారు చేసుకోవడం ఎవరి తరమూ కాదు. 1974లో విశాఖలో మొదలై అప్పటికే ఊళ్లకు చేరిన ఈనాడు, ఎన్టీఆర్ ప్రచార వాహనం చైతన్య రథం నిన్న ఎక్కడ ఆగిందో, ఏం మాట్లాడారో పొద్దున్నే టీకొట్టు బల్ల మీదికి తెచ్చింది. కొత్త పార్టీకి అది పెద్ద దన్ను. కానీ 1978 నుంచి అయిదేళ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అని నలుగురు ముఖ్యమంత్రులు మారిన విసుగు జనంలో పేరుకుపోయి ఉంది. ఆ కోపం పత్రిక పుట్టించింది కాదు.

పత్రికే గెలిపించేదైతే 1989లో, 2004లో, 2009లో తెలుగుదేశం ఓడకూడదు. 2008లో జగన్ సాక్షి పెట్టారు. ఆయన పార్టీకి 2019లో 175కు 151 సీట్లు, 2024లో 11. రెండుసార్లూ ఈనాడు, సాక్షి ఎవరి పక్కన వారే ఉన్నాయి.

జనం దేని గురించి మాట్లాడుకోవాలో తేల్చడంలోనే పత్రిక బలం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఈనాడు ఆ వార్తను వదలకుండా రోజూ వెంటాడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఓటడగకుండానే ఒక పత్రిక ప్రభుత్వాన్ని ఎంత దూరం నడిపించగలదో అక్కడ చూడాలి.

ప్రశ్న: మొన్నటి ఎన్నికల్లో ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులకూ “గెలుపు ఖాయం” అని వార్తలొచ్చాయి. ఇవి పెయిడ్ న్యూస్, అంటే డబ్బు తీసుకుని వార్తలా వేసిన ప్రచారం అని ఎలా గుర్తుపట్టాలి? ఎవరికి చెప్పాలి? (ఒక పాఠకుడు, నల్గొండ)

జవాబు: రెండు మూడు పత్రికలు పక్కపక్కన పరుచుకోండి. ఒకే వార్త అక్షరం పొల్లుపోకుండా అన్నింట్లో ఉండటం, రాసిందెవరో లేకపోవడం, అవతలివాళ్ల మాట ఒక్కటీ లేకపోవడం, అక్షరాల తీరు మిగతా పేజీకి భిన్నంగా ఉండటం గుర్తులు. తర్వాత స్కేలు తీయండి. 12 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. పొడవు ఉంటే 300 చదరపు సెంటీమీటర్లు. తేదీ, పేజీ, కొలత, ఫొటో ఉందా లేదా అన్నది అభ్యర్థుల వారీగా పది రోజులు రాయండి. ఒక్క రోజు లెక్క పనికిరాదు, నామినేషన్ రోజున ఎవరికైనా పెద్ద ఫొటోనే పడుతుంది.

ఫిర్యాదు జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టర్ ఆధ్వర్యంలోని మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీకి ఇవ్వాలి. అందరూ చేసే పొరపాటు వార్త ముక్క ఒక్కటే కత్తిరించి పంపడం. పత్రిక పేరు, తేదీ, ఎడిషన్ కనబడేలా పూర్తి పేజీ ఇవ్వండి. రిటర్నింగ్ అధికారి 96 గంటల్లో అభ్యర్థికి నోటీసివ్వాలి, అభ్యర్థి 48 గంటల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే కమిటీ మాటే ఖాయం. ఆపైన రాష్ట్ర కమిటీకి, అక్కడి నుంచి ఎన్నికల సంఘానికి అప్పీలుంది, ఒక్కోదానికి 48 గంటల గడువు.

డబ్బు ఇచ్చినట్టు రసీదు దొరకదు కదా అని వెనక్కి తగ్గకండి. కమిటీ పరిస్థితులను బట్టి తేలుస్తుంది, ఆ జాగాకు ప్రకటన రేటు కట్టి అభ్యర్థి ఖర్చులో కలుపుతుంది. అసెంబ్లీ అభ్యర్థికి మన రెండు రాష్ట్రాల్లోనూ పరిమితి 40 లక్షలు. చిక్కేమిటంటే, నామినేషన్ వేశాక వచ్చిన వార్తలే లెక్కలోకి వస్తాయి. పైగా పెయిడ్ న్యూస్‌ను ప్రజాప్రాతినిధ్య చట్టం విడిగా నేరమనలేదు, ఖర్చు దాచడం కిందే పట్టుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను 2011 అక్టోబరులో మూడేళ్లు అనర్హురాలిగా ప్రకటించింది అలాగే. పత్రిక మీద ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు గానీ, అది మందలించగలదు, జరిమానా వేయలేదు. ఈ అధికారం దానికి ఇవ్వకపోవడం మాకు బాధగానే ఉంది.

ప్రశ్న: పోలింగ్ ముందు రోజు పత్రికలో ప్రకటన ఇవ్వవచ్చా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ఇవ్వవచ్చు. ఆఖరి 48 గంటల ప్రచార నిషేధం పెట్టిన ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ సభలకు, టీవీకి, సినిమాకు వర్తిస్తుంది, అచ్చు పత్రికకు కాదు. అయితే పోలింగ్ రోజు, దాని ముందు రోజు వేసే ప్రకటనను ఎన్నికల సంఘం ఆదేశం ప్రకారం పైన చెప్పిన కమిటీకి చూపించి అనుమతి తీసుకోవాలి. అచ్చు తేదీకి కనీసం రెండు రోజుల ముందే దరఖాస్తు చేయాలి. ఈ కట్టడి ప్రకటనలకే, వార్తలకు లేదు. ఆ రెండు రోజుల జిల్లా పేజీలను మాత్రం స్కేలు పెట్టి మరీ చూడండి.