ఉబుంటు నుంచి మారుతున్నారా? తెలుగు, ఒడియా పని ఆగకుండా మారే పద్ధతి

మీరు అడిగినవి మూడు. నాలుగు జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 నత్తనడక నడుస్తోంది, ఫైర్‌ఫాక్స్ తెరుచుకోవడానికే విసుగొస్తోంది, ఉబుంటు లాంటివే అయిన మిగతా లినక్స్ రకాలు (డిస్ట్రోలు) మింట్, డెబియన్, ఫెడోరాల్లో దేనికి మారాలి? ఫైళ్ళు పోకుండా ఎలా మారాలి? గుణుపూర్‌లో మీరు చేసే తెలుగు, ఒడియా టైపింగ్ పని మర్నాడు ఆగిపోతుందా?

నాది పర్లాకిమిడిలో జిరాక్స్, డీటీపీ షాపు. ఉబుంటు మీదే మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక మెషీన్‌లో మింట్, ఇంకోదాంట్లో డెబియన్ నడుస్తున్నాయి. మీ మూడో ప్రశ్న ముందు తీసుకుంటాను. పొద్దున పాతపట్నం నుంచి తెలుగు శుభలేఖ, మధ్యాహ్నం ఒడియాలో దరఖాస్తు, సాయంత్రం ఇంగ్లీషు బయోడేటా వచ్చే మనలాంటి వాళ్ళకు అసలు టెన్షన్ అక్కడే.

తెలుగు ఫలానా డిస్ట్రోలో బాగా వస్తుంది, ఫలానా దాంట్లో ఒత్తులు విడిపోతాయి అని చాలామంది చెబుతారు. నమ్మకండి. ఒత్తుల్ని, గుణింతాల్ని సరైన చోట కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. మీరు చెప్పిన మూడు డిస్ట్రోల్లోనూ ఉన్నది అదే. తేడా ఫాంట్ల దగ్గర వస్తుంది. ఒకదాంట్లో లోహిత్ ముందుంటుంది, ఇంకోదాంట్లో నోటో. రెండింటి అక్షరాల వెడల్పు ఒకటి కాదు. డెబియన్‌లో పాత శుభలేఖ ఫైలు తెరవగానే ఒక పేజీలో సరిపోయిన మ్యాటర్ రెండో పేజీలోకి జారింది. ఫైలు చెక్కుచెదరలేదు. అందులో వాడిన ఫాంట్ కొత్త సిస్టమ్‌లో లేదు కాబట్టి లిబ్రాఫీస్ (వర్డ్ లాంటి ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్) తన దగ్గరున్న వేరే తెలుగు ఫాంట్ పెట్టుకుంది, అంతే. కాబట్టి మారే ముందు మీ ఫైళ్ళలో ఏయే ఫాంట్లు వాడారో చూసుకోండి. మండలి, రామభద్ర, సురన్న లాంటివి మీరే దించుకుని ఉంటే అవి హోమ్‌లో (మీ సొంత ఫైళ్ళన్నీ ఉండే ఫోల్డర్‌లో) దాచిన ఫోల్డర్లలో, డాట్ లోకల్ కింద షేర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. దాన్ని ఉన్నది ఉన్నట్టు కొత్త సిస్టమ్‌లో అదే చోట పెడితే పేజీలు మళ్ళీ పాత కొలతకు వస్తాయి. ఉబుంటు, మింట్, డెబియన్లలో ఫాంట్స్-తెలు, ఫాంట్స్-ఒర్య అనే ప్యాకేజీలు కూడా వేసుకోండి. మీ వైపు సవర (సొరా) భాష వాళ్ళ పని కూడా వస్తుంటే ఫాంట్స్-నోటో-కోర్ అవసరం. 1936లో మంగెయి గొమాంగో తయారుచేసిన ఆ భాష లిపి సొరా సొంపెంగ్ 2012లో యూనికోడ్‌లోకి, అంటే అన్ని లిపులకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి ప్రమాణంలోకి వచ్చింది. ఫాంట్ లేకపోతే కనబడేవి ఖాళీ డబ్బాలే. ఆ భాష వాళ్ళున్న ఊళ్ళలో పనిచేస్తూ మనం ఆ ఫాంట్ వేసి ఉంచకపోవడం బాగుండదు.

కీబోర్డు సంగతికొస్తే, ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకు ప్రామాణిక కీ అమరికలో) కొట్టేవాళ్ళకు అసలు పనే లేదు. తెలుగు, ఒడియా ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్లు సిస్టమ్‌తోపాటే వస్తాయి, కీబోర్డు సెట్టింగ్స్‌లో కలుపుకుంటే చాలు. ఒడియా పేరు ఆ జాబితాలో కొన్నిచోట్ల ఇంకా ఒరియా అనే ఉంటుంది, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి మీదైతే ఐబస్-ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసి, ఐబస్‌ను (టైపింగ్ పద్ధతులను నడిపే ప్రోగ్రామ్) ఇన్‌పుట్ పద్ధతిగా ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఆ లాగౌట్ చేయకుండానే పనిచేయట్లేదని వదిలేసేవాళ్ళను చూశాను.

అను ఫాంట్లలో, ఒడియా అయితే ఆకృతిలో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్ళ విషయంలో మాత్రం డిస్ట్రో మార్పు మీకు ఏ సాయమూ చేయదు. అవి యూనికోడ్ కావు, వాటి టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. నాలుగు జీబీ ర్యామ్‌లో విండోస్‌ను వర్చువల్ మెషీన్‌గా, అంటే లినక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడపడం కూడా నరకమే. ఆ పని రోజూ వస్తుంటే, డిస్కులో విండోస్ పార్టిషన్ (దానికి కేటాయించిన భాగం) ఉంటే దాన్ని తీసేయకండి.

ఇక ఏది ఎంచుకోవాలన్నది. ముందు ఒక మాట, ఇందులో తొందరేమీ లేదు. ఉబుంటు 22.04కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2027 ఏప్రిల్ వరకు వస్తాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే, డిస్ట్రో మారిస్తే వచ్చే వేగం కన్నా ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేస్తే వచ్చే వేగం చాలా ఎక్కువ. డబ్బు ఉంటే అది ముందు చేయండి.

ఫెడోరా నాకు ఇష్టమే, కానీ మీకు చెప్పను. ఆరు నెలలకో కొత్త విడుదల, ఒక్కో విడుదలకు సపోర్టు ఇంచుమించు 13 నెలలు. అంటే ఏడాదికోసారైనా పెద్ద అప్‌గ్రేడ్ తప్పదు. ఫోన్ డేటా మీద బతికే చోట అది బరువు. ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్లకు అలవాటుపడిన చెయ్యి ఫెడోరాలో దాని బదులు వాడే డీఎన్‌ఎఫ్ నేర్చుకోవాలి, ప్యాకేజీల పేర్లూ వేరు. డెబియన్ స్థిరత్వానికి తిరుగులేదు. 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌కు మూడేళ్ళ పూర్తి సపోర్టు, ఆపైన రెండేళ్ళ ఎల్‌టీఎస్ (పొడిగించిన సపోర్టు) ఉంటుంది. 12వ వెర్షన్ నుంచి వైఫై ఫర్మ్‌వేర్లు ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు, ఒకప్పటి బాధ చాలావరకు తగ్గింది. అయినా మీ ప్రశ్న చదివాక నేను చెప్పేది మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. అది ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 వరకు సపోర్టు ఉంది. మీకు తెలిసిన కమాండ్లు, ప్యాకేజీ పేర్లు దాదాపు అన్నీ పనికొస్తాయి. రెండు జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, నాలుగు ఉంటే హాయి. ఉబుంటు వాడే స్నాప్ అనే యాప్ ప్యాకేజీ పద్ధతి ఉండదు. మీరు విసిగిపోయిన ఫైర్‌ఫాక్స్ ఆలస్యానికి ఓ పెద్ద కారణం ఉబుంటు దాన్ని స్నాప్‌గా ఇవ్వడమే.

ఆ ఫైర్‌ఫాక్స్ దగ్గరే చాలామంది బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోయాయని గాభరా పడతారు. ఉబుంటు 22.04లో అవి పాత చోట ఉండవు. హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్, అందులో ఫైర్‌ఫాక్స్, అందులో కామన్, దాని లోపల డాట్ మొజిల్లా అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే కనబడుతుంది. స్నాప్ ఫోల్డర్ ఇక ఎందుకులే అని బ్యాకప్‌లో వదిలేశారో, అన్నీ పోయినట్టే. ఆ డాట్ మొజిల్లా ఫోల్డర్‌ను మింట్‌లో హోమ్‌లోకే నేరుగా కాపీ చేస్తే సరిపోతుంది, కాకపోతే ముందు మింట్‌ను అప్‌డేట్ చేయండి. డెబియన్‌లో వచ్చేది ఈఎస్‌ఆర్ అనే పాత వెర్షన్. కొత్త ఫైర్‌ఫాక్స్ వాడిన ప్రొఫైల్‌ను అది తెరవనంటుంది. అప్పుడు ఫైర్‌ఫాక్స్ సింక్ ఖాతా ద్వారా తెచ్చుకోవాలి, లేదా మొజిల్లా సొంత ఆప్ట్ రిపాజిటరీ నుంచి కొత్త వెర్షన్ వేసుకోవాలి.

మిగతా ఫైళ్ళకు హోమ్ మొత్తాన్ని టార్ ఫైలుగా (అన్నీ కట్టగట్టిన ఒకే ఫైలుగా) చేసి బయటి డిస్కులో పెట్టండి. పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే అనుమతులు, లింకులు చెరిగిపోతాయి. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ అయితే నాలుగు జీబీ దాటిన ఫైలు పట్టదు. ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ కమాండ్ ఇచ్చే జాబితా కూడా దాచుకోండి, మీరు ఏరికోరి వేసుకున్న ప్యాకేజీలు అందులో తెలుస్తాయి. కొత్త దాంట్లోకి మాత్రం అన్నీ తిరిగి పోయకండి. హోమ్‌లో సెట్టింగులుండే దాచిన ఫోల్డర్ డాట్ కాన్ఫిగ్‌ను మొత్తం తెస్తే ఉబుంటు డెస్క్‌టాప్ గ్నోమ్ సెట్టింగులు, ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగులు కలిసి వింత సమస్యలు వస్తాయి. అందులోంచి లిబ్రాఫీస్ ఫోల్డర్ ఒక్కటి తెచ్చుకోండి. మీరు చేర్చుకున్న పదాల పట్టిక, ఆటోకరెక్ట్, టెంప్లేట్లు దాంట్లోనే ఉంటాయి. రాయగడ, గజపతి జిల్లాల ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు ఎన్నేళ్ళుగానో చేర్చిన పట్టికను పోగొట్టుకుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

ప్రింటర్‌ను లైవ్ యూఎస్‌బీలోనే (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి సిస్టమ్ నడిపి) పరీక్షించండి. ఇన్‌స్టాల్ చేయకముందే తెలుగు, ఒడియా ఒక్కో పేజీ ప్రింట్ తీసి చూడండి. షాపుల్లో ఎక్కువగా కనబడే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి వాటికి హెచ్‌ప్లిప్ అనే హెచ్‌పీ ప్రింటర్ డ్రైవర్ ప్యాకేజీతోపాటు విడిగా ఒక ప్లగిన్ కావాలి. అది హెచ్‌ప్లిప్ వెర్షన్‌కు సరిగ్గా సరిపోవాలి. డిస్ట్రో మారితే ఆ వెర్షనూ మారుతుంది కాబట్టి మళ్ళీ దించుకోవాల్సిందే, ఆ పూట నెట్ ఉండాలి. వైఫై పట్టకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, డ్రైవరేమీ అక్కర్లేదు.

డిస్కులో ఒక ముప్పై, నలభై జీబీ చోటు ఉంటే ఉబుంటును వెంటనే తుడిచేయకుండా పక్కనే మింట్ వేసి కొన్నాళ్ళు నడపండి. ఒక్కటి గమనించండి. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన బూట్ పద్ధతి) ఉన్న మెషీన్లలో మింట్ కూడా తన బూట్ ఫైళ్ళను ఉబుంటు పేరున్న ఫోల్డర్‌లోనే పెడుతుంది. కాబట్టి ఆన్ చేయగానే మింట్ మెనూ వస్తుంది, ఉబుంటు అందులో ఒక వరుసగా కనబడుతుంది. పాతది పోయిందని కంగారు పడొద్దు. తర్వాత ఉబుంటు పార్టిషన్ తీసేసేటప్పుడు ఆ ఫోల్డర్‌ను మాత్రం చెరపకండి, మింట్ బూట్ అవ్వాలంటే అదే కావాలి.