రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి 3.5 అంగుళాల టచ్ స్క్రీన్ పెడితే తెల్లగానే ఉంటోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న ప్రకారం స్క్రీన్ వెలుగుతోంది కానీ బొమ్మ రావట్లేదు. అమ్మినవాళ్ల స్క్రిప్ట్ రన్ చేశాక హెచ్‌డీఎంఐ కూడా పోయింది. డబ్బాలో కాగితం ముక్క కూడా లేదు.

తెల్లగా వెలిగిందంటే బ్యాక్‌లైట్‌కి 5 వోల్టులు అందాయని మాత్రమే అర్థం. డిస్‌ప్లే చిప్‌కి ఇంకా ఆదేశాలు చేరలేదు, లేదా చేరినవి దానికి అర్థం కాలేదు.

ముందు ఆ స్క్రిప్ట్‌ని వదిలేయండి. ఇలాంటివి బూట్ సెట్టింగులుండే కాన్ఫిగ్, సీఎండీలైన్ ఫైళ్లను తిరగరాసి, హెచ్‌డీఎంఐ బొమ్మని చిన్న తెరకి కాపీ చేసే ఎఫ్‌బీసీపీ అనే ప్రోగ్రామ్ ఎక్కిస్తాయి. అది ఆధారపడే డిస్ప్‌మాన్‌ఎక్స్ అనే పాత గ్రాఫిక్స్ పద్ధతి కొత్త కేఎంఎస్ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో లేదు. 2023లో వచ్చిన బుక్‌వార్మ్ అనే ఓఎస్ వెర్షన్‌లో కాన్ఫిగ్ ఫైలే బూట్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌కి మారింది. స్క్రిప్ట్ చేసినవన్నీ వెతికి వెనక్కి తిప్పడం కంటే కార్డులో ఓఎస్ మళ్లీ రాసుకోవడం నయం.

తర్వాత పవర్ తీసి స్క్రీన్ వెనక్కి తిప్పి చూడండి. 74హెచ్‌సీ4094 చిప్పులు రెండు, 4040 ఒకటి కనిపిస్తే దాదాపుగా అది ఐఎల్ఐ9486 అనే డిస్‌ప్లే చిప్ ఉన్న బోర్డు. ఎస్పీఐ అనే సీరియల్ లైన్లలో ఒక్కో బిట్‌గా వచ్చే డేటాని 16 బిట్ల ప్యారలల్‌గా మార్చేవి అవే. ఆ చిప్పులు లేకుండా ఐఎల్ఐ9488 అని ఉంటే కథ వేరు: ఎస్పీఐలో అది 16 బిట్ల రంగు తీసుకోదు, పిక్సెల్‌కి 3 బైట్లు పంపాలి. కింద చెప్పేది దానికి పనిచేయదు. వాపసు గడువు ఉంటే ఇచ్చేయండి.

9486 అయితే 26 పిన్నుల సాకెట్‌ని 1వ పిన్ వైపు నుంచే గుచ్చాలి. ఒక్క వరస పక్కకి జరిగినా 5 వోల్టులు తప్పు పిన్‌లోకి వెళ్లి రాస్ప్‌బెర్రీ పై బోర్డే పోవచ్చు. కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు లైన్లు చాలు. డీటీపారమ్‌లో ఎస్పీఐ ఆన్. డీటీఓవర్‌లేలో పైస్క్రీన్, కామా, డీఆర్ఎం, కామా, స్పీడ్ 16000000, కామా, రొటేట్ 90. ఈ ఓవర్‌లే (ఏ హార్డ్‌వేర్ ఏ పిన్నులకి ఉందో చెప్పే ఫైలు) ఓఎస్‌తోనే వస్తుంది, డౌన్‌లోడ్ అక్కర్లేదు. డేటా/కమాండ్‌కి జీపీఐఓ 24 (ఇది పిన్ వరస సంఖ్య కాదు, సిగ్నల్ నంబర్), రీసెట్‌కి 25, టచ్ ఇంటరప్ట్‌కి 17 వాడుతుంది. ఈ బోర్డుల వైరింగూ మామూలుగా అదే. 22ని బ్యాక్‌లైట్‌కి పట్టి ఉంచుతుంది కానీ, చౌక బోర్డుల్లో చాలావాటికి బ్యాక్‌లైట్ నేరుగా పవర్‌కే కలిపి ఉంటుంది. కాబట్టి వెలుతురు తగ్గించే ఆశ పెట్టుకోకండి.

హెచ్‌డీఎంఐ కేబుల్ తీసేసి బూట్ చేయండి. డీమెసేజ్ అనే కెర్నల్ లాగ్‌లో ఐఎల్ఐ9486 ఇనిషియలైజ్ అయిందని చూసి సంబరపడకండి. డ్రైవర్ పంపడమే తప్ప తిరిగి చదవదు, స్క్రీన్ పీకేసినా అదే మాట చెబుతుంది. అసలు పరీక్ష ఇది: వేరే కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి, రూట్‌గా, క్యాట్ కమాండ్‌తో డెవ్ ఫోల్డర్‌లోని యురాండమ్‌ని (యాదృచ్ఛిక డేటా) ఎఫ్‌బీ0లోకి (తెర మెమరీ) పంపండి. తెరంతా రంగుల ఇసుక చల్లినట్టు నిండాలి. చివర్లో డివైస్‌లో చోటు లేదని ఎర్రర్ వస్తుంది, అది మామూలే.

అప్పుడూ తెల్లగానే ఉంటే టచ్ రీడింగులు చూపే ఈవీటెస్ట్ వేసుకుని తెరని నొక్కండి. అంకెలు మారుతుంటే తెర, టచ్ కలిసి వాడే ఎస్పీఐ లైన్లు బాగున్నట్టే, అనుమానం చిప్ మీద గానీ, తెర సొంత లైన్లైన జీపీఐఓ 8, 24, 25 మీద గానీ. అంకెలు కదలకపోతే ముందు సాకెట్ కాంటాక్ట్ చూడండి.

బొమ్మ వచ్చి టచ్ అడ్డదిడ్డంగా ఉంటే యూదేవ్ రూల్‌లో (పరికరాల సెట్టింగుల ఫైలు) లిబ్‌ఇన్‌పుట్ క్యాలిబ్రేషన్ మ్యాట్రిక్స్ (టచ్ దిశని సరిచేసే ఆరు అంకెలు) పెట్టాలి. 90 డిగ్రీలకి 0 -1 1 1 0 0, రెండో వైపైతే, అంటే 270 డిగ్రీలకి, 0 1 0 -1 0 1.

వేగం సంగతి: 480×320 తెరకి ఒక్క ఫ్రేమ్ 24,57,600 బిట్లు. 16 మెగాహెర్ట్జ్‌లో సెకనుకి ఆరేడు ఫ్రేములు దాటవు. 32 వరకు పెంచి చూడొచ్చు, తెర మీద పిచ్చి చుక్కలు కనిపించడం మొదలైతే తగ్గించండి. ఉష్ణోగ్రతలు, మెనూలు చూపించడానికి బాగానే ఉంటుంది, వీడియోకి మాత్రం హెచ్‌డీఎంఐ స్క్రీనే కొనండి.