స్కాన్ సందేహాలు: డోస్ పేజీ, కాంట్రాస్ట్, సీసం ఏప్రాన్

ప్రశ్న: మా అమ్మకు పొట్ట సీటీ తీశారు. స్కాన్ సీడీ చివరి పేజీలో మొత్తం డీఎల్‌పీ 1240 అని ఉంది. ఇది ప్రమాదమా?

జవాబు: డీఎల్‌పీ అంటే యంత్రం వదిలిన రేడియేషన్ తీవ్రతను స్కాన్ చేసిన పొడవుతో గుణించగా వచ్చిన అంకె. పెద్దవాళ్ల పొట్ట స్కాన్‌కైతే దాన్ని 0.015తో గుణించండి. సుమారు 18 నుంచి 19 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి అందిన రేడియేషన్ డోసు కొలత) వస్తుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4. ఇది మోటు అంచనాయే, ఫలానా మనిషికి ఇంత ముప్పని దీన్నిబట్టి చెప్పకూడదు.

అదే పేజీలో ఎన్ని వరుసలున్నాయో చూడండి. 620 చొప్పున రెండుంటే, పొట్టను రెండుసార్లు స్కాన్ చేశారన్నమాట: కాంట్రాస్ట్ మందు (లోపలి భాగాలు స్పష్టంగా కనిపించేందుకు నరంలోకి ఇచ్చేది) ఎక్కించక ముందొకటి, ఎక్కించాక ఒకటి. ఇలా తీసే ఒక్కో విడతను ఫేజు అంటారు, ప్రతి ఫేజూ ఒక పూర్తి స్కానే. లివర్‌లో గడ్డ తేల్చాలంటే రెండు మూడు ఫేజులు కావాలి. కిడ్నీలో రాయికి మందు లేని తక్కువ డోసు స్కాన్ ఒక్కటి చాలు. అపెండిక్స్ అనుమానానికి, ఇంజెక్షన్ ఇచ్చిన 70 సెకన్లకు తీసే ఒక్క ఫేజు సాధారణంగా సరిపోతుంది. అలవాటు కొద్దీ ‘ప్లెయిన్ ప్లస్ కాంట్రాస్ట్’ అని రాసేయడమే మా దృష్టిలో అసలు దుబారా. అందుకే స్కాన్‌కు ముందే ‘ఎన్ని ఫేజులు, ఎందుకు?’ అని అడగండి.

పడుకునే తీరు వల్లా డోసు పెరుగుతుంది. చేతులు పొట్ట పక్కనే ఉంటే కిరణాలు వాటినీ దాటాలి కాబట్టి యంత్రం తనంతట తానే కరెంటు పెంచుతుంది. మొదట తీసే స్కౌట్ చిత్రంలో మనిషి కిరణాలు వదిలే ట్యూబుకు మరీ దగ్గరగా ఉంటే అసలు కంటే లావుగా కనిపిస్తాడు, అప్పుడూ అంతే. భుజం నొప్పి లేకపోతే చేతులు తలపైకి చాచాలి.

ప్రశ్న: నాకు షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రొయ్యలు పడవు. కాంట్రాస్ట్ ఇవ్వవచ్చా?

జవాబు: కాంట్రాస్ట్ మందులో అయోడిన్ ఉంటుంది, కానీ రొయ్యల ఎలర్జీ వాటిలోని ప్రొటీన్ వల్ల, అయోడిన్ వల్ల కాదు, కాబట్టి అది అడ్డు కాదు. గతంలో కాంట్రాస్ట్ మందుకే దద్దుర్లో ఆయాసమో వస్తే మాత్రం తప్పక చెప్పాలి. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడు చేయదు. కిడ్నీ పనిచేయనప్పుడు అది ఒంట్లో పేరుకుపోయి రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగవచ్చు, భయమంతా అదే. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) 30 కంటే తక్కువుంటే స్కాన్ రోజు నుంచి ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూశాకే మళ్లీ మొదలుపెడతారు. 30 నుంచి 60 మధ్య ఉండి లివర్ జబ్బో గుండె వైఫల్యమో ఉన్నా ఆపమనవచ్చు, మీ డాక్టర్‌ను అడగండి. మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వేడి, మూత్రం పోయినట్టు అనిపించడం మామూలే. సూది దగ్గర వాపు, మంట వస్తే మాత్రం మందు నరం బయటికి పోతున్నట్టు. స్కాన్ అయ్యేదాకా ఓర్చుకోకుండా వెంటనే కేకేయండి.

ప్రశ్న: ఛాతీ ఎక్స్‌రేకి పొట్టపై సీసం ఏప్రాన్ కప్పలేదు. నిర్లక్ష్యమేనా?

జవాబు: కాదు. పొట్టకు చేరే కాస్త రేడియేషన్‌లో ఎక్కువ భాగం ఒంటి లోపలే చెదిరి వస్తుంది, పైన కప్పిన ఏప్రాన్ దాన్ని ఆపలేదు. పైగా జారి చిత్రంలోకి వస్తే మళ్లీ తీయాల్సి వస్తుంది. అమెరికాలోని మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లోనే రోగులకు అలవాటుగా ఇలా కప్పడం మానేయమంది. పిల్లల్ని పట్టుకుని పక్కన నిలబడేవాళ్లకు మాత్రం ఏప్రాన్ ఉండాల్సిందే.