డ్రమ్ విన్నాకే అడుగు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

బ్రూక్లిన్‌లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఆఫ్రో-కరీబియన్ నృత్యం నేర్పే పనిలో చేరబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఈ పని ఎత్తుకునేవాళ్ళు ఉంటారని నేను అనుకోలేదు. ఉద్యోగం నుంచి విరమించుకున్నా నా మనసింకా ఆ తరగతి గదిలోనే తిరుగుతుంటుంది. అందుకే నువ్వు అడగకుండానే రాస్తున్నాను.

మొదటి వారం అడుగులు నేర్పే తొందర పెట్టుకోకు. పిల్లలను నేల మీద కూర్చోబెట్టి డ్రమ్ వినిపించు. హైతీ నృత్యం యాన్వాలూతో మొదలుపెడితే మంచిది. అందులో మూడు డ్రమ్ములుంటాయి. పెద్దది మాన్‌మాన్, నడిమిది సెగోన్, చిన్నది బూలా. వాటికి తోడు ఓగాన్ అనే ఇనుప వాయిద్యం. నాలుగు దెబ్బల ఆవర్తంలో దెబ్బకు మూడేసి మాత్రలు. తిశ్రగతి తెలిసిన నీకు ఇది చప్పున అందుతుంది, పిల్లలకు అంత తేలిగ్గా అందదు. సగం మంది చేత ఓగాన్ వరుసను చప్పట్లుగా వేయించు, మిగతా వాళ్ళ చేత నాలుగు దెబ్బలూ పాదంతో వేయించు, తర్వాత వాళ్ళను వీళ్ళను మార్చు. రెండూ ఒకే పిల్ల ఒంట్లో నిలిచేదాకా ముందుకు వెళ్ళకు.

ఇక మాన్‌మాన్ ఉన్నట్టుండి నడకను విరిచేస్తుంది. దాన్ని కసే అంటారు. ఆ విరుపు చెవిన పడగానే ఆడేవారి ఒళ్ళూ మారాలి. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు లెక్కపెట్టి నేర్పితే అడుగు వస్తుంది గానీ ఈ వినికిడి రాదు. ఆడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఒకరికొకరు జవాబు చెప్పుకోవడమే ఈ నృత్యంలో ప్రాణం. ఏడాది చివరికి నీ పిల్లలకు అడుగులు కొన్నే వచ్చినా ఫరవాలేదు, కసే పట్టుకోవడం మాత్రం రావాలి.

నీ ఒంటికి కూచిపూడి అలవాటు. అరమండిలో మోకాళ్ళు పక్కలకు తెరుచుకుంటాయి, వెన్ను నిటారుగా నిలుస్తుంది. యాన్వాలూలో మోకాళ్ళు ముందుకు వంగుతాయి, మొండెం ముందుకు వాలుతుంది, వెన్నంతా అలలా కదులుతుంది. హైతీ ప్రజల వోడూ మతంలో సర్పరూపంలో కొలిచే దైవం దంబాలాకు చెందిన కదలిక అది. పిల్లల్లో చాలామంది తలను ముందుకూ వెనక్కూ ఊపి అదే అల అనుకుంటారు. దానికి నేను గోడను వాడేదాన్ని. వీపు గోడకు ఆనించి, మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడమను. ముందు తోక ఎముక దగ్గర, ఆ తర్వాత నడుము, ఆ పైన ఛాతీ, భుజాలు, మెడ, ఇలా ఒక్కొక్క వెన్నుపూసనే గోడ నుంచి విడదీసి మళ్ళీ ఆనించమను. తల అన్నిటికన్నా ఆఖరున రావాలి. ఊపిరి వదిలినప్పుడు వెన్ను గుండ్రమవుతుంది, పీల్చినప్పుడు తెరుచుకుంటుంది. ఎక్కడ గోడ తగలడం లేదో పిల్లలకే తెలిసిపోతుంది కాబట్టి నువ్వు ముట్టుకుని సరిదిద్దాల్సిన పని ఉండదు. ఇది కుదిరాక అరచేతులు తొడల మీద ఆనించి గది మధ్యలోకి తీసుకురా.

ఆ వయసు పిల్లలకు ఒళ్ళంటే సిగ్గు. నడుము, తుంటి కదలికలతో మొదలుపెడితే సగం మంది నవ్వుతారు, సగం మంది గోడవారకు జరుగుతారు. భుజాలతో మొదలుపెట్టు. హైతీలోనే జెపోల్ అని భుజాలతో ఆడే నృత్యం ఉంది. ఒక నెల భుజాలు వదులైతే మిగతా ఒళ్ళు దానంతటదే వెనక వస్తుంది. మోకాళ్ళు ఎప్పుడూ కాలివేళ్ళ దిశలోనే వంగాలి. సిమెంటు మీద పలకలు పరిచిన గది ఇస్తే ఎగిరే అడుగులు అక్కడ చేయించకు, చెక్క నేల ఉన్న గది కావాలని పట్టుబట్టు.

ఇప్పుడు నిన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టే సంగతి. బ్రూక్లిన్‌లోని ఫ్లాట్‌బుష్ చుట్టుపక్కల హైతీ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళలో వోడూను గౌరవించేవాళ్ళూ ఉంటారు, దాని పేరెత్తితేనే కోపగించుకునే గట్టి క్రైస్తవులూ ఉంటారు. అలాగని దంబాలా పేరు దాచి ఉత్త పాము డాన్సుగా నేర్పకు. అది ఆ ప్రజలకు చేసే అన్యాయం. దెయ్యాల సినిమాలు వాళ్ళ మతాన్ని ఇప్పటికే చాలా అవమానించాయి. 1791లో బానిసలు తిరగబడే ముందు బ్వా కైమాన్ అనే చోట వోడూ క్రతువు జరిపి ఒక్కటయ్యారనీ, ఆ పోరాటంతోనే 1804లో హైతీ స్వతంత్రమైందనీ పిల్లలకు చెప్పు. పూజకు సంబంధించిన వందనాలూ, ఆవాహనలూ తరగతిలో అనుకరించవద్దు. ఏడాది మొదట్లోనే ఏం నేర్పుతావో, ఏం నేర్పవో తల్లిదండ్రులకు ఉత్తరం రాయి. ఇష్టంలేని పిల్లకు ఓగాన్ వాయించే పని ఇవ్వు, మూలన కూర్చోబెట్టకు. హైతీ పిల్లల దగ్గర పేర్ల ఉచ్చారణ నేర్చుకో, కానీ వాళ్ళ దేశమంతటి తరఫున జవాబు చెప్పమని ఒక్క పిల్లను నిలబెట్టవద్దు.

ఆఫ్రో-కరీబియన్ అన్న పేరు కింద అన్నీ కలిపేయకు. క్యూబా రుంబా నృత్యంలోనే యాంబూ, గువాగువాంకో, కొలుంబియా అని మూడు తీర్లున్నాయి. జమైకా డింకీ మినీ చావింట దుఃఖాన్ని తేలిక చేయడానికి ఆడేది. పిల్లలు లింబో, అదే వెనక్కి వంగి కర్ర కింద నుంచి దాటే ఆట, అడుగుతారు, తప్పక అడుగుతారు. ట్రినిడాడ్‌లో అది కూడా చనిపోయినవారి ఇళ్ళలో రాత్రి జాగారాల్లో ఆడినదేనని చెప్పి, ఆ తర్వాతే కర్ర పట్టించు. 1845 నుంచి ట్రినిడాడ్‌కు కూలీలుగా వెళ్ళిన భారతీయుల్లో, తర్వాత మద్రాసు నుంచి ఓడలెక్కినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. భారతీయ పేరున్న ట్రినిడాడ్ పిల్ల నీ తరగతిలో కనిపిస్తే ఆశ్చర్యపోకు. ఏడాదికి రెండు దేశాల నృత్యాలు చాలు.

టెక్నిక్ విషయంలో అమెరికా నర్తకి కేథరిన్ డన్హమ్ పద్ధతినే ఆధారం చేసుకో. ఆమె షికాగోలో మానవశాస్త్రం చదువుతూ 1935లో ఫెలోషిప్‌తో జమైకా, మార్టినిక్, ట్రినిడాడ్, హైతీ వెళ్ళింది. ఆ ప్రజల మధ్య ఉండి నేర్చుకుంది, హైతీలో వోడూ దీక్ష కూడా తీసుకుంది. బార్ (పట్టుకుని సాధన చేసే అడ్డకర్ర) దగ్గర సాధన, ఒక్కో అంగాన్ని విడిగా కదిలించడం, గది ఈ చివర నుంచి ఆ చివరకు డ్రమ్‌తో నడవడం, ఇదంతా ఆమె పేర్చిన క్రమంలోనే ఉంది. ఈ పద్ధతి బోధించడానికి ధ్రువీకరణ శిక్షణ ఉంది. సెలవుల్లో అందులో చేరు, ఖర్చు గురించి వెనకాడకు, నేనున్నాను.

డ్రమ్మర్‌ను బడి వాళ్ళు ఉచితంగా రమ్మంటారు. ఒప్పుకోకు. నీ జీతం మాట్లాడుకున్నంత శ్రద్ధగా అతని వేతనమూ మాట్లాడు. వారానికి ఒక్క రోజు వచ్చినా రికార్డు మోగించిన నాలుగు రోజులకన్నా పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారు. డ్రమ్ మీద చెయ్యి వేసే ముందు అతన్ని అడగాలని పిల్లలకు మొదటి రోజే చెప్పు. ఇక వార్షికోత్సవంలో డ్రమ్ములను తెర వెనక పెడదామంటారు, స్థలం చాలదంటారు. వరుసలో ఇద్దరు పిల్లలను తగ్గించి వాళ్ళకు రెండో అంశం ఇవ్వు, డ్రమ్ములు మాత్రం వేదిక మీదే, పిల్లలకు ఎదురుగా కనిపించేలా పెట్టించు.

ఇట్లు
మీ పెద్దమ్మ