విమానంలో వైర్ల పనికి పంపితే మావాడి బతుకేం కాను?

ప్రశ్న: మాది నిడదవోలు. మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. మావాడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. షాపులోనే పెరిగాడు, కరెంటు పనంటే ప్రాణం. ఏఎంఈలో (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ కోర్సులో) చేరి విమానాల ఎలక్ట్రికల్ సిస్టమ్స్ నేర్చుకుంటానంటున్నాడు. బీటెక్ ఏరోనాటికల్ అయితే కనీసం ఇంజనీరు అంటారని నా ఆశ. ఈ రెంటిలో ఏది మంచిది? నాలాగే వాడూ వైర్లు పట్టుకునే బతకాలా?

జవాబు: ఏది మంచిదని అడిగారు గానీ మీ బాధంతా ఆఖరి మాటలో ఉంది. లారీ మెకానిక్కులు, టైలర్లు, వడ్రంగులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం. మీవాడు నేర్చుకోబోయే పనేమిటో మీకు అర్థమైనంత తేలిగ్గా మరో తండ్రికి అర్థం కాదు.

మీ షాపుకొచ్చే మోటార్లన్నీ 50 హెర్ట్జ్‌వి, అంటే సెకనుకు 50 సైకిళ్ల కరెంటుతో నడిచేవి. నాలుగు పోళ్ల మోటారంటే 1440 ఆర్‌పీఎం అని నేమ్‌ప్లేటు చూడకుండానే చెప్పేస్తారు. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానంలో కరెంటు 115 వోల్టుల త్రీఫేజ్ ఏసీ, ఫ్రీక్వెన్సీ మాత్రం 400 హెర్ట్జ్. నాలుగు పోళ్ల జనరేటరైతే 12,000 ఆర్‌పీఎం తిరగాలి. అంత ఫ్రీక్వెన్సీ ఎందుకంటే బరువు తగ్గించడానికి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అదే పవర్‌కు స్టాంపింగులూ (కోర్‌లోని ఇనుప రేకులూ) రాగీ తక్కువ సరిపోతాయి. ఒక్కో ఇంజన్‌కు 90 కేవీఏ జనరేటర్ ఒకటి ఉంటుంది. ఇంజన్ స్పీడు పెరిగినా తగ్గినా జనరేటర్ స్పీడు మారకుండా హైడ్రాలిక్ డ్రైవ్ ఒకటి కాపాడుతుంది. రెండూ కలిపి ఒకే యూనిట్, ఐడీజీ అంటారు. ఆ ఏసీలో కొంత ట్రాన్స్‌ఫార్మర్ రెక్టిఫయర్లలోంచి వెళ్లి 28 వోల్టుల డీసీ అవుతుంది. గాల్లో ఉండగా రెండు జనరేటర్లూ పోతే విమానం పొట్టకింద నుంచి చిన్న ఫ్యాను బయటికొస్తుంది, ఎదురుగాలికి తిరిగి అత్యవసర జనరేటర్‌ను నడిపిస్తుంది. అది అందుకునేలోపు బ్యాటరీలు ఆదుకుంటాయి.

మెయింటెనెన్స్ అంటే ఇదంతా సరిగ్గా ఉందని రోజూ రుజువు చేయడం. ఐడీజీలో ఆయిల్ లెవెల్ చూడాలి. సర్క్యూట్ బ్రేకర్ లాగి, ఎవరూ పొరపాటున నొక్కకుండా క్లిప్పు పెట్టి, ట్యాగు కట్టాకే లోపల చెయ్యి పెట్టాలి. వైరు కొసకు లగ్గు నొక్కి బిగించాలంటే (క్రింపు చేయాలంటే) మాన్యువల్లో రాసిన టూలే వాడాలి, దాని క్యాలిబ్రేషన్ తేదీ దాటి ఉండకూడదు. నికెల్ కాడ్మియం బ్యాటరీలనూ లెడ్ యాసిడ్ బ్యాటరీలనూ ఒకే గదిలో సర్వీసు చేయరు, యాసిడ్ ఆవిరి తగిలితే మొదటివాటి ఎలక్ట్రోలైట్ పాడవుతుంది. అన్నిటికంటే ఓపిక కావలసిన పని వైరింగ్ తనిఖీ. టార్చి, చిన్న అద్దం పట్టుకుని, కట్టలు కట్టిన వైర్లు ఎక్కడైనా లోహానికి రాసుకుంటున్నాయా, ఎవరో డ్రిల్లు వేసినప్పుడు రాలిన లోహపు రజను వాటి మధ్య మిగిలిపోయిందా అని అంగుళం అంగుళం చూడాలి. 1998 సెప్టెంబరులో స్విస్ఎయిర్ 111 విమానం కెనడా తీరంలో కూలి 229 మంది చనిపోయారు. కాక్‌పిట్ పైకప్పు లోపల వైర్లో వచ్చిన ఆర్కింగ్‌తో (నిప్పురవ్వలతో) మంట అంటుకుని ఉండొచ్చని దర్యాప్తులో తేలింది. వైర్లు పట్టుకోవడమేనా అని తేలిగ్గా అన్నారు కాబట్టి ఇంత చెప్పాల్సి వచ్చింది.

ఇక ఒక మాట కటువుగానే అంటాను. మీరు మోటారు బాగుచేసి పంపితేనే మీ చుట్టుపక్కల చేలకు నీళ్లు పారాయి. ఆ పనిని మీ కొడుకు ముందు చులకన చేస్తున్నది మీరే. వాడికి పనిమీద ప్రేమ మీ దగ్గరే పుట్టింది. వాడు సిగ్గుపడటం కూడా మీ దగ్గరే నేర్చుకోవాలా?

బీటెక్ ఏరోనాటికల్ సంగతి. అది డిజైను, లెక్కలు, పరిశోధన వైపు చదువు. అటు ఆసక్తి ఉన్న పిల్లలకు మంచిదే. కానీ సర్వీసు చేసిన విమానాన్ని ఎగరొచ్చని సంతకం పెట్టి వదిలే అధికారం ఆ డిగ్రీతో రాదు. దానికి డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) ఇచ్చే లైసెన్సు కావాలి. ఈ తేడా తెలియక నాలుగేళ్లు చదివాక మళ్లీ మొదటికొచ్చిన పిల్లలను చూశాను.

అలాగని ఏఎంఈ ప్రకటనలన్నీ నమ్మమని అనడం లేదు. విమానం ముందు నిలబెట్టి తీసిన ఫొటోలు, డిగ్రీతో కలిపిన ప్యాకేజీలు, గ్యారంటీ ప్లేస్‌మెంట్లు చూస్తే నాకు భయమేస్తుంది. లైసెన్సు ఇచ్చే అధికారం ఏ కాలేజీకీ లేదు. కాలేజీ చదువు చెప్తుంది, పరీక్షల్లో 75 శాతం మార్కులు తెచ్చుకుని, అనుభవం చూపించి, డీజీసీఏ దగ్గర లైసెన్సు సంపాదించుకోవలసింది పిల్లవాడే. ఆ తర్వాత కూడా ఫలానా రకం విమానం మీద పనికి అర్హత (టైప్ రేటింగ్), కంపెనీ ఇచ్చే ఆథరైజేషన్ ఉంటేగానీ పెద్ద విమానం మీద సంతకం పెట్టలేడు. అవన్నీ చేతికొచ్చేదాకా జీతం తక్కువ, నైట్ షిఫ్టులు ఎక్కువ. ఆ ఏళ్లు ఇంట్లో గడుస్తాయా లేదా అన్నది మీరు లెక్క వేసుకోండి.

మీవాడికి ఒక విషయం చెప్పండి. ఏఎంఈ లైసెన్సులో బీ1.1, బీ2 లాంటి కేటగిరీలుంటాయి. ఎలక్ట్రికల్ పని చేయాలంటే బీ2 తప్ప దారి లేదని చాలామంది అనుకుంటారు. బీ1.1లో ఇంజన్, బాడీలతో పాటు ఎలక్ట్రికల్ సిస్టమ్స్ కూడా ఉంటాయి. బీ2లో ఎలక్ట్రికల్‌తో పాటు రేడియో, నేవిగేషన్, ఆటోపైలట్ లాంటి ఏవియానిక్స్ వస్తాయి. జనరేటర్లు, మోటార్ల మీదే మనసుంటే బీ1.1 కూడా ఆలోచించమనండి. ముందుముందు కరెంటు పని తగ్గుతుందన్న బెంగ కూడా వద్దు. బోయింగ్ 787లో ఒక్కో ఇంజన్‌కు 250 కేవీఏ జనరేటర్లు రెండేసి ఉన్నాయి. పాత విమానాల్లో ఇంజన్ గాలితో జరిగిన పనులు కొన్ని అందులో కరెంటుతోనే జరుగుతాయి. మన శంషాబాద్‌లోనే విమానాలను విప్పి సర్వీసు చేసే పెద్ద హ్యాంగర్లున్నాయి.

ఫీజు కట్టకముందు పిల్లవాణ్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రంగులు సరిగ్గా పోల్చుకుంటున్నాడో లేదో చూపించండి. కాలేజీకి ఏ కేటగిరీకి సీఏఆర్-147 అనుమతి (ఏఎంఈ శిక్షణ సంస్థలకు డీజీసీఏ ఇచ్చేది) ఉందో డీజీసీఏ జాబితాలో మీరే చూసుకోండి, ఆఫీసులో చెప్పినది వినొద్దు. ప్రాక్టికల్ ట్రైనింగు ఏ హ్యాంగర్‌లో, ఎన్ని నెలలో కాగితం మీద రాసిమ్మనండి. ల్యాబుకు మీరూ వెళ్లి, పవర్ ఇచ్చి ఒక బస్‌బార్ (కరెంటును పంచే లోహపు పట్టీ) మీద వోల్టేజీ చూపించమనండి. అక్కడ ఏం చూపిస్తున్నారో మీకు ఇట్టే తెలిసిపోతుంది.