సెలవులకు ఇంటికెళ్లే ముందు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంటికెళ్లాలని ఉంది, వెళ్తే ఇమడలేనేమోనని గుబులుగానూ ఉంది అన్నావు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అమ్మానాన్నల దృష్టిలో నువ్వింకా కాలేజీకి సాగనంపిన పిల్లవాడివే. నీ ఊహలో ఇల్లూ అలాగే ఉండిపోయింది. ఈ నెలల్లో నువ్వూ మారావు, ఇల్లూ మారింది. చిక్కంతా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే.

బయల్దేరడానికి వారం ముందే ఫోన్ చేసి వచ్చే రోజు, తిరిగి వెళ్లే రోజు, మధ్యలో స్నేహితులతో గడిపే రోజులు చెప్పేయ్. వచ్చాక చెబితే ఇంట్లో ఉండలేక తప్పించుకుంటున్నావనుకుంటారు. నీ గది సంగతీ అప్పుడే అడుగు. ఖాళీ గదిలోకి బట్టల మూటలు, పాత పెట్టెలు, ఇస్త్రీ బల్ల చేరిపోవడం మామూలే. తెలియక వెళ్లి గుమ్మంలోంచి చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. మంచం, ఒక అర, చదువుకునే మూల అడిగి తీసుకో, మిగతాది వాళ్లకే వదిలెయ్.

పరీక్షలయ్యాక ఒళ్లెరక్కుండా నిద్రపోతావు. అమ్మకు అది ముభావంలా కనిపిస్తుంది. "నిద్ర బాకీ ఉందమ్మా, రెండు రోజులు లేపకు" అని వచ్చిన రాత్రే చెప్పు. మూడో రోజు నుంచి పడుకునే వేళ రోజుకో గంట ముందుకు జరుపు. రెండింటికి పడుకునేవాడు ఒక్కసారిగా పదింటికే పక్కెక్కితే నిద్ర పట్టదు, చేయి ఫోన్ మీదికే పోతుంది. పొద్దున లేవగానే కాసేపు ఎండ తగిలేలా కూర్చుంటే ఒళ్లు త్వరగా దారికొస్తుంది. రోజుకు ఒక్క పూటైనా ఫోన్ పక్కగదిలో పెట్టి అందరితో కలిసి తిను.

"ఎక్కడికి? ఎప్పుడొస్తావ్?" అంటే ఒళ్లు మండుతుంది, నాకు తెలుసు. హాస్టల్లో అలా అడిగే నాథుడు లేడు కదా! అడక్కముందే చెప్పెయ్. తొమ్మిదికి రాగలిగితే తొమ్మిదిన్నర అని చెప్పు. ఆలస్యమయ్యేలా ఉంటే తొమ్మిదింపావుకే ఫోన్ చెయ్యి, పదింటికి కాదు. వరసగా మూడు నాలుగుసార్లు మాట ప్రకారం వస్తే ప్రశ్నలు వాటంతటవే తగ్గుతాయి.

సబ్జెక్టేదైనా పోయిందా? వచ్చిన రాత్రి ఎత్తకు, వెళ్లే రోజు అసలే ఎత్తకు. కోపం చల్లారే వ్యవధి ఉండదు, ప్రయాణమంతా అదే మోసుకెళ్తావు. రెండో రోజో మూడో రోజో పగటిపూట, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పు. ముందు ఏం పోయింది, మళ్లీ పరీక్ష ఎప్పుడు, దానికి ఏం చేస్తున్నావు. కారణాలు వాళ్లడిగాకే. కారణాలతో మొదలుపెడితే ఎంత నిజమైనా సాకుల్లాగే వినిపిస్తాయి.

ఇంకో సంగతి. ఇంట్లో అడుగుపెట్టిన పూటే నీ గొంతు బడి రోజులకు వెళ్లిపోతుంది, ప్రతిదానికీ "అబ్బా, తెలుసులే" అంటావు. "నన్ను పెద్దవాణ్ణిగా చూడరేం" అని వాదించి లాభం లేదు. ఇంటి పని ఒక్కటి, రాత్రి గిన్నెలు కడగడమో బట్టలు ఆరేసి మడతపెట్టడమో, ఎవరూ చెప్పకుండా ఉన్నన్నాళ్లూ నువ్వే చెయ్యి. వాదన కన్నా అది బాగా పనిచేస్తుంది.

పుస్తకాలు ఒకటి రెండు చాలు. సంచీ నిండా మోసుకొచ్చినవి తెరవకుండానే తిరిగెళ్తాయి.

సామాను వెళ్లే ముందురోజే సర్దేసుకో, లేకపోతే చివరి పూటంతా చార్జర్ వెతుక్కోవడంతోనే సరిపోతుంది. క్లాసులకు ముందురోజు మధ్యాహ్నానికల్లా హాస్టల్ చేరు. చేరాక రెండు మూడు రోజులు దిగులుగా ఉంటుంది. ఆ రోజుల్లో గదిలో ఒంటరిగా తినకు, ఇంటికి ఫోన్ పగటిపూట చెయ్యి. రాత్రి పడుకోబోతూ మాట్లాడితే ఇద్దరికీ నిద్రుండదు. రెండు వారాలైనా తిండి సయించక, నిద్ర పట్టక, క్లాసుకు లేవలేకపోతుంటే మాత్రం దాచుకోకు. మీ కాలేజీ కౌన్సెలర్‌నో, డాక్టర్‌నో కలువు, నాకూ ఓ మాట చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ