గాలి 12 నాట్లు, అల 1.2 మీటర్లు: ఈ రెండు అంకెలు చూసి చిన్న పడవ తీయవచ్చా?

పద్దెనిమిది అడుగుల ఫైబరు పడవలో డిసెంబరులో కాకినాడ నుంచి హోప్ ఐలాండ్‌కు వెళ్ళాలనుకుంటున్నానని, వాతావరణ సూచనలో గాలి 12 నాట్లు, అల ఎత్తు 1.2 మీటర్లు ఉంటే బయలుదేరవచ్చా అని మీరు అడిగారు. కాకినాడ తీరంలో చాలా ఏళ్ళుగా అదే పరిమాణం గల పడవ నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను: గాలి ఎటు నుంచి వస్తున్నదో, రెండు అలల మధ్య వ్యవధి ఎంతో తెలియనిదే ఈ అంకెలతో నిర్ణయం తీసుకోలేము.

నాట్లంటే మా గోదావరి జిల్లాల వారికి ముందు వరినాట్లే గుర్తొస్తాయి కానీ, సముద్రం మీద ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్ల వేగం. గాలి తోపు వేగం పెరిగినంతే పెరగదు; ఆ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 10 నాట్ల గాలి 15 నాట్లయితే పడవ మీద పడే ఒత్తిడి రెండు రెట్లు దాటుతుంది. అల ఎత్తు విషయంలో చాలామంది పొరబడతారు. సూచనలో ఇచ్చేది అన్నిటికన్నా పెద్ద అల ఎత్తు కాదు, వచ్చిన అలల్లో పెద్దవైన మూడోవంతు అలల సగటు. అందువల్ల 1.2 మీటర్లు అని రాసిన రోజున అప్పుడప్పుడు రెండు మీటర్లు దాటిన అల కూడా ఎదురవుతుంది. అదే ఎత్తు అల పది పన్నెండు సెకన్లకు ఒకటి చొప్పున వస్తే పడవను ఊయలలా లేపి దించుతుంది. నాలుగైదు సెకన్లకే వస్తే పడవ ఒక అల నుంచి తేరుకునేలోపే మరొకటి మీద పడుతుంది.

అయితే ఎక్కువ వ్యవధి గల అల లోతు నీటిలో ఎంత సాధువో, మొగ దగ్గర అంటే నది సముద్రంలో కలిసే చోట, అంత ప్రమాదకరం. ఒక ఏడాది మార్చిలో, సూచనలో గాలి 10 నాట్లు, అల మీటరు అని ఉన్న రోజున, గౌతమీ గోదావరి మొగలోకి నీరు సముద్రంలోకి వెనక్కి తీసే పాటు సమయంలో ప్రవేశించాను. బయట గమనించదగినంతగా కూడా లేని దక్షిణపు అలలు, ఇసుక మేట మీద లోతు తగ్గి, బయటకు పరుగెత్తే నది నీటికి ఎదురై, గోడల్లా నిలబడి విరిగాయి. రెండు అలలు వెనుక నుంచి ఎక్కి మోటారును ఆపేశాయి. పడవలో ఉన్న పెద్దాయన ముందు వైపు నుంచి లంగరు వేయడంతో పడవ అలలకు ఎదురు తిరిగి నిలిచింది. మేము బకెట్లతో నీరు తోడుతూ, పోటు వచ్చేదాకా అక్కడే ఉండి, ఆ తరువాతే లోపలికి వెళ్ళాము.

మీ ప్రయాణానికి మొగ దాటే పని లేదు కానీ, డిసెంబరులో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. హోప్ ఐలాండ్ కాకినాడ అఖాతాన్ని తూర్పు నుంచి కాస్తుందే తప్ప, అఖాతం ఉత్తరం వైపు నోరు తెరిచే ఉంటుంది. ఆ నోటి గుండా వచ్చే అలలు అఖాతం దాటే పడవకు పక్కవాటుగా తగులుతాయి. ఉదయం పలచగా ఉన్న గాలి మధ్యాహ్నానికి బలపడటం మామూలే కనుక, వెళ్ళేటప్పటి గాలి కన్నా తిరిగి వచ్చే గంటకు ఉండబోయే గాలినే చూడండి. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచనల్లో గాలి దిశ, అల వ్యవధి, ప్రవాహం విడివిడిగా దొరుకుతాయి. విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రం మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికలు కూడా చూడండి. ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగిరితే ఈదురుగాలుల ముప్పు ఉన్నట్టే, ఇక లెక్కలతో పని లేదు.

మీరు చెప్పిన 12 నాట్లు ఈశాన్యం నుంచి, అల వ్యవధి ఐదు సెకన్లు అయితే, ఆ పడవలో నేను వెళ్ళను. గాలి 8 నాట్ల లోపు ఉండి, తెల్లవారుజామున బయలుదేరి పదకొండు గంటలకల్లా తిరిగి రాగలిగితే వెళతాను. అందరికీ లైఫ్ జాకెట్లు వేయించి, లంగరు, పొడవైన తాడు, రెండు బకెట్లు తీసుకుని, తీర రక్షక దళం నంబరు 1554ను ఫోనులో పెట్టుకుని బయలుదేరతాను.